అర్థంకాని మాస్టారు

మాస్టారికి ఏదీ ఒక పట్టాన అర్థం కాదు.

బడిలో జీవితమంతా లెక్కలు చెప్పి, హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి. అలాంటాయనతో "మాస్టారూ, వాన వచ్చేట్టుంది" అని చూడండి. కళ్ళజోడు సవరించుకుని, ఎంతో వినయంగా "నాకర్థం కాలేదండీ" అంటారు. "ఎలా తెలిసింది? మబ్బు చూశారా, గాలి చూశారా, మోకాలు నొప్పెట్టిందా?" అవతలివాళ్ళు చెప్పుకొచ్చేలోపు వాన కురవడమూ వెలవడమూ కూడా అయిపోతాయి.

ఇంట్లోనూ ఇదే వరస. "నాకు కోపమొచ్చిందండీ అని చెప్తాను" అనేవారు మాస్టారి భార్య. "అర్థం కాలేదు, దేనికొచ్చింది అంటారు. మొదట్నించీ చెప్పుకురావాలి. సగం చెప్పేసరికి దేనికొచ్చిందో నాకే గుర్తుండదు. ఇక పోట్లాడేదేముంది, నా మొహం!"

బడిపిల్లల పుస్తకాలు తయారుచేసే ఆఫీసువాళ్ళు ఏరికోరి ఈయన్నే సలహాదారుగా పిలిచారు. పిలిచిన వారానికే నాలుక కరుచుకున్నారు. మొదటి సమావేశంలో డైరెక్టరుగారు లేచి, గొంతు సవరించుకుని, "మన కొత్త ప్రణాళిక విద్యార్థి కేంద్రితమైన, సామర్థ్య ఆధారితమైన, సమగ్ర అభ్యసన ప్రక్రియ" అన్నారు. అందరూ తలలూపారు. బల్ల చివర్నుంచి ఒక చెయ్యి లేచింది.

"నాకర్థం కాలేదండీ."

డైరెక్టరుగారు వివరించారు. చెయ్యి దిగలేదు. ఆ వివరణకి వివరణ ఇచ్చారు. చెయ్యి అలాగే ఉంది. టీ వచ్చింది, చల్లారింది. చివరికి డైరెక్టరుగారు నుదురు తుడుచుకుని, "అబ్బబ్బ! పిల్లలు చూస్తూ కూర్చోకుండా చేతులతో చేసి నేర్చుకోవాలండీ. అంతే!" అన్నారు.

"ఆఁ, అర్థమైంది. చాలా బాగా చెప్పారు" అన్నారు మాస్టారు మనస్ఫూర్తిగా.

ఆ రోజునుంచి డైరెక్టరుగారు నోరు తెరిచేముందు బల్ల చివరికి ఒకసారి భయంగా చూసేవారు. ఆఫీసంతా చాటుగా ఆయన్ని అర్థంకాని మాస్టారనేది. ఆ సంగతి ఆయనకీ తెలుసు. ఒకసారి ఫోనెత్తి, "ఆఁ, అర్థంకాని మాస్టార్నే మాట్లాడుతున్నా" అన్నారు కూడా.

అందరికీ నవ్వులాటే గానీ, లెక్కల టీచరమ్మకి మాత్రం ప్రాణసంకటంగా ఉండేది. ఒక చిన్న బడినుంచి ఆమెని ఈ ఆఫీసుకి తెచ్చుకున్నారు. ఐదో తరగతి పుస్తకంలో భిన్నాల పాఠం ఆమె వంతు. పిల్లలు లెక్కలంటే భయపడటం ఎక్కడ మొదలవుతుందో ఆమెకి తెలుసు. సగం, పావు అన్నంతవరకూ నవ్వుతూ ఉంటారు. గీత మీద ఒక అంకె, గీత కింద ఒక అంకె కనపడగానే మొహాలు వాడిపోతాయి. కొందరి మొహాలు మళ్ళీ తేరుకోవు. అందుకే ఆ పాఠాన్ని కన్నబిడ్డలా పెంచింది. మాస్టారు దాన్ని "నాకర్థం కాలేదమ్మా" అని వెనక్కి పంపుతూనే ఉన్నారు. ఎక్కడ అర్థం కాలేదంటే, "అదే తెలీడం లేదు" అనేవారు. ఆమెకి ఏడుపొక్కటే తక్కువ.

అచ్చు వెయ్యాల్సిన గడువు నెత్తిమీదికొచ్చింది. డైరెక్టరుగారు ఆమెని పిలిచి తేల్చి చెప్పేశారు. "రేపు ఏదైనా బడిలో ఈ పాఠం చెప్పి చూపించమ్మా. నేనే వచ్చి వింటాను. పిల్లలకి ఎక్కిందా, అచ్చుకి పంపుతాం. లేదా, భిన్నాలని పై తరగతికి నెట్టేస్తాం. నువ్వు మీ బడికి వెళ్ళిపోవచ్చు."

సాయంత్రం మెట్ల దగ్గర ఆమె మాస్టార్ని పట్టుకుంది. "మాస్టారూ, మీకు దణ్ణం పెడతాను. రేపొక్కరోజు మాత్రం మీ మాట మీ దగ్గరే ఉంచుకోండి."

"అయ్యో, దానికేం తల్లీ!" అన్నారాయన. "అర్థమైతే నేనెందుకు అడుగుతాను?"

మర్నాడు తరగతి గదిలో డైరెక్టరుగారికి కుర్చీ వేశారు. మాస్టారికీ వేశారు. ఆయన మాత్రం గొడుగు గోడకి ఆనించి, నేరుగా వెళ్ళి కిటికీ పక్క బెంచీలో ముగ్గురు ఆడపిల్లల సరసన ఇరుక్కున్నారు. బెంచీ కిర్రుమంది. పిల్లలు కిసుక్కుమన్నారు. ఆయన పక్కనున్న పిల్ల ఒక్కతే నవ్వలేదు. రెండు జడల్లో ఒకదాని కొస నములుతూ బోర్డుకేసి చూస్తోంది. ఆ తరగతి టీచరు ఆ పిల్ల గురించి టీచరమ్మకి ముందే చెప్పింది. "ఆ కిటికీ పక్క పిల్లని మాత్రం ఏమీ అడగకండి మేడమ్. లెక్కల పీరియడ్‌లో నోరు తెరవదు. అడిగితే ఏడుస్తుంది."

టీచరమ్మ పాఠం మొదలుపెట్టింది. గొంతు చక్కగా పలికింది, బోర్డు మీద రాత ముత్యాల్లా వచ్చింది. "మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా? కింద ఉన్న అంకె పెరిగేకొద్దీ వంతు చిన్నదవుతుంది. అందుకని మూడో వంతే పెద్దది. అర్థమైందా?"

"అయిందీ!" అని గదంతా ఒకే గొంతుతో అరిచింది. డైరెక్టరుగారు చిరునవ్వు నవ్వారు.

కిటికీ పక్కనుంచి ఒక చెయ్యి లేచింది.

"నాకర్థం కాలేదు టీచర్."

గది గొల్లుమంది. టీచరమ్మ కంగారుగా బల్ల మీది కాగితం చింపి రెండు పట్టీలు తీసింది. ఒకదాన్ని మూడు మడతలూ, ఇంకోదాన్ని నాలుగు మడతలూ పెట్టి, మడతల్ని విప్పి చూపించింది. "చూశారా?"

"చూశాం!"

మళ్ళీ చెయ్యి. "కాలేదు టీచర్."

ఈసారి ఆమెకి కోపం నషాళానికంటింది. ఏదో అనబోయి ఆయనవైపు తిరిగింది. అప్పుడు చూసింది. మాస్టారి కళ్ళు బోర్డు మీద లేవు, ఆమె మీదా లేవు. పక్కనున్న పిల్ల మొహం మీద ఉన్నాయి. ఆయన తల వంచి ఆ పిల్ల చెవిలో ఏదో అడిగారు. పిల్ల అడ్డంగా తలూపి, వేలితో భయంభయంగా టీచరమ్మ చేతుల్లోని కాగితాల్ని చూపించింది.

టీచరమ్మ తన చేతుల్లోకి చూసుకుంది. కంగారులో చింపిన పట్టీలు రెండూ సమానంగా లేవు. నాలుగు మడతలు పెట్టినదే పొడుగు, ఎంత పొడుగంటే అందులో నాలుగో వంతు రెండోదానిలో మూడో వంతుకన్నా పెద్దగా కనిపిస్తోంది. గదంతా "చూశాం" అని అరిచింది. నిజంగా చూసింది ఆ ఒక్క పిల్లే.

ఆమె కోపం ఎటు పోయిందో తెలీదు. ఈసారి తీరిగ్గా, అంచుకి అంచు ఆనించి, సమానంగా రెండు పట్టీలు కోసింది. వాటిని తీసుకెళ్ళి ఆ పిల్ల చేతిలో పెట్టింది. ఏమీ అడగలేదు. పిల్ల మడతలు పెట్టింది, విప్పింది, పక్కపక్కన పెట్టి చూసింది. నోట్లోంచి జడ జారిపోయింది. మొహం విప్పారింది.

"ఇప్పుడర్థమైంది కదా!" అన్నారు డైరెక్టరుగారు గడియారం చూసుకుంటూ.

"నాకింకా కాలేదండీ" అన్నారు మాస్టారు దిగులుగా.

ఆ పిల్ల ఆయనకేసి తిరిగింది. ఆ చూపులో ఎంత జాలి ఉందో చెప్పలేం. "తాతగారూ, ఇటు చూడండి. పొద్దున ఈ బెంచీలో మేం ముగ్గురం కూర్చున్నాం కదా. ఇప్పుడు మీరొచ్చారు. బెంచీ పెరిగిందా?"

"లేదమ్మా."

"నా చోటు పెరిగిందా, తగ్గిందా?"

"తగ్గింది. పాపం, చివరికి జరిగిపోయావు."

"అంతేనండీ! నాలుగో వంతంటే అదే!"

లెక్కల పీరియడ్‌లో ఆ పిల్ల గొంతు ఆ గది వినడం అదే మొదలు. గుమ్మం దగ్గర నిలబడ్డ వాళ్ళ టీచరు కళ్ళు పైటచెంగుతో ఒత్తుకుంది. మాస్టారు మాత్రం నుదుటి మీద చెయ్యేసుకుని, "ఓహో! ఇంతేనా! ఎంత బాగా చెప్పావమ్మా!" అన్నారు. డైరెక్టరుగారు గడియారం మాట మర్చిపోయారు. "పాఠం మొదట్లో ఈ బెంచీ బొమ్మే వెయ్యించండి. రేపే అచ్చుకి పంపుదాం" అంటూ లేచారు.

గంట కొట్టాక వరండాలో టీచరమ్మ మాస్టారి పక్కకొచ్చి నిలబడింది. "మాస్టారూ, నిజం చెప్పండి. మీకు నిజంగానే అర్థం కాదా?"

ఆయన ఆడుకుంటున్న పిల్లలకేసి చూశారు. "అర్థమైపోయి చాలా ఏళ్ళయిందమ్మా. అదే వచ్చిన చిక్కు. అర్థం కాకముందు ఎలా ఉంటుందో మర్చిపోయాను. నువ్వూ మర్చిపోయావు. అది ఇంకా గుర్తున్నవాళ్ళేమో చెయ్యెత్తరు, నలుగురూ నవ్వుతారని భయం. నాకేం, నన్ను చూసి ఎప్పట్నించో నవ్వుతూనే ఉన్నారు."

ఆ మనిషిని ఎన్నిసార్లు మనసులో తిట్టుకుందో గుర్తొచ్చి ఆమె తల దించుకుంది. ఆయన అదేమీ పట్టించుకోకుండా గొడుగు తెచ్చుకోవడానికి గదిలోకి వెళ్ళారు.

ఇంతలో ఎవరో చీరచెంగు పట్టి లాగారు. రెండు జడల పిల్ల.

"టీచర్, ఆ తాతగారు రేపు కూడా వస్తారా?"

"వస్తారేమో. ఎందుకమ్మా?"

పిల్ల అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "ఆయనకి కొంచెం నెమ్మదిగా ఎక్కుతుంది. మీరు కోప్పడకండేం. నా పక్కనే కూర్చోబెట్టండి. నేను చూసుకుంటాను."

టీచరమ్మ నవ్వు బిగబట్టుకుని, గంభీరంగా తలూపింది. "అలాగే. కానీ ఈ మాట ఆయనకి తెలియనివ్వకు. చిన్నబుచ్చుకుంటారు."

"ఛ, నేనెందుకు చెప్తాను టీచర్!" అని ఆ పిల్ల కాగితం పట్టీలు రెండూ జాగ్రత్తగా సంచిలో పెట్టుకుని, ఆటలో కలవడానికి పరిగెత్తింది.