రూతమ్మకు తోడుబొమ్మ

“నా చేలో నీ కాపలా ఏందిరా? పీకుతావా, నన్ను పీకించమంటావా?”

“పీకించండయ్యగారూ! చెయ్యేసే మగాడెవడో నేనూ చూస్తాను.”

గుంటూరు కాలేజీలో చదువు మధ్యలోనే వదిలేసి వచ్చి అరుగు మీద దొర్లుతున్న పానకాలు దిగ్గున లేచి కూర్చున్నాడు. తండ్రి శ్రీమన్నారాయణ కేకలు కొత్త కాదు. ఎదురు పలికిన గొంతే కొత్త. ఆ ఇంట్లో పాలేరుగా తల నెరిసిన మరియదాసు అంతవరకు ‘సరేనయ్యా’ తప్ప మరో మాట ఎరగడు.

తగువంతా ఒక దిష్టిబొమ్మ గురించి. సత్తెనపల్లి చుట్టుపక్కల మిరపచేలల్లో నిలబడ్డ బొమ్మల్లో సగం మరియదాసు చేతివే. తుమ్మకర్రకు అడ్డకర్ర కట్టి, గడ్డి చుట్టి, మసికుండ బోర్లించి, సున్నంతో కోరమీసం దిద్దేవాడు. ఆఖర్న దాని భుజం తట్టి, “నిలబడరా అబ్బాయ్, కునికావో నీ పని చెబుతా!” అనేవాడు. పక్కన గడ్డి అందించే భార్య రూతమ్మ పడీపడీ నవ్వేది. “పెళ్లాం మీద సాగని పెత్తనం గడ్డిబొమ్మ మీద చూపిస్తున్నాడమ్మా” అని కూలీలతో చెప్పేది.

కిందటి శ్రావణంలో రూతమ్మ జ్వరంతో పోయింది. వాగు పొంగి సమాధుల దొడ్డికి దారి లేదు. శ్రీమన్నారాయణే జాలిపడి, చేను మూల చూపించి పూడ్చుకోమన్నాడు. మర్నాటికల్లా ఆ మట్టి మీద బొమ్మ లేచింది. ఇప్పుడు సాగర్ కాలవ వస్తోందని ఊరంతా ఆశ. వేసవి దుక్కిలో ఆ మూల కూడా కలిపేయాలని ఆయన పట్టు. అరక తోలేవాళ్లేమో అక్కడికి రాగానే ఎడ్లను తిప్పేస్తున్నారు. దిష్టిబొమ్మను పెట్టినవాడే తీయాలి. ఇంకొకడు చెయ్యేస్తే చేనుకు తగలాల్సిన దిష్టి వాడి కొంపకు తగులుతుందని భయం.

“చదివినోడివి, నీకా భయాలుండవుగా! పోయి పీకిరా” అన్నాడు తండ్రి కొడుకుతో.

పానకాలు వెళ్లాడు. నిజంగానే అతనికి భయం లేదు. మరియదాసు వెనకే వచ్చాడు గాని అడ్డం రాలేదు. బొమ్మ చొక్కాకు గుండీ ఊడిన చోట నార ముడేస్తూ నిలబడ్డాడు.

“సమాధికి కాపలా ఏంటి దాసూ? చచ్చినోళ్లని ఎవడెత్తుకుపోతాడు?” పానకాలు మొహమాటం లేకుండా అడిగేశాడు.

“ఎవరెత్తుకుపోతారు చినబాబూ! దానికి ఒంటరిగా పడుకోవాలంటే భయం. నేను చేలకు కాపలా వెళితే ఎవర్నో ఒకర్ని తోడు పిలుచుకునేది. నేనొచ్చేదాకా వీడన్నా ఉంటాడని...”

పానకాలు కర్ర మీద చెయ్యేశాడు. ఒక్క ఊపుకు ఊడొచ్చేట్టుంది. చెయ్యి తీసేశాడు.

“నేను పీకకపోయినా మా నాన్న ఊరుకోడు. కోపమొస్తే ఆయనకు దిష్టీ గుర్తుండదు, దేవుడూ గుర్తుండడు.”

“పీకుతారు బాబూ. పాలేరు చొక్కాయే గదా ఇది.” మరియదాసు తలెత్తి, పానకాలు ఒంటిమీది గళ్ల చొక్కాకేసి చూశాడు. “కన్నకొడుకు చొక్కా తొడుక్కుని నిలబడ్డదాన్ని ఏ తండ్రి పీకుతాడు? మీకెట్టాగూ ఇట్టాంటి భయాల్లేవు. తప్పుగా అనుకోమాకండి చినబాబూ... ఆ చొక్కా విప్పిస్తారా?”