ఎపాక్సీ పూయని చోటు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు, వానాకాలం. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో రైళ్ళు కనిపించే ఒక మేడ మీది గదిలో నా పని. చేత్తో ఫిషింగ్ రాడ్లు చేస్తాను. సముద్రం లేని ఊళ్ళో ఇదేం పనయ్యా అని నవ్వేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. నవ్వనీ, నాకేం!

గాలం లైను జారడానికి రాడ్ పొడుగునా చిన్న ఉంగరాలుంటాయి. వాటిని గైడ్లంటాం. గైడ్లను దారంతో చుట్టి, ఆ దారం మీద ఎపాక్సీ పూస్తాం. రెసిన్, హార్డెనర్ సమానంగా కలిపితే వచ్చే జిగురు అది, ఆరితే అద్దంలా ఉంటుంది. కారిపోకుండా రాడ్‌ను మోటారుకు తగిలించి గంటల తరబడి మెల్లగా తిప్పాలి. బయట వాన, లోపల మోటారు సన్నటి మోత, తడి ఎపాక్సీ మీద కిటికీ వెలుగు తిరుగుతూనే ఉంటుంది. చూస్తూ కూర్చుంటే ఎక్కడున్నానో మరిచిపోతాను. అన్నం చల్లారబెట్టుకుని ఇంట్లో తిట్లు తిన్న రోజులెన్నో.

ఆ వానల్లోనే ఎల్బీనగర్ నుంచి రూతమ్మ వచ్చింది. భర్త దేవదానం లారీ డ్రైవరు. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పట్టు తప్పింది.

"దవాఖానల రబ్బరు బంతి పిసుకమన్నరు తమ్మీ. గోడకేసి కొట్టిండు. మాట్లాడడు, గడప దాటడు. పెండ్లయిన కొత్తల మా ఊరి చెరువుకాడ పొద్దంతా గాలమేసుకొని కూసునేటోడు. ఆ చెయ్యి గాలమన్న పట్టుకుంటదేమోనని నా ఆశ. జర తేలికగ చెయ్యి."

తేలికైన రాడ్ తీసుకుని, పట్టు కోసం లావుపాటి కార్క్ పిడి పెట్టాను. ఆమె అడిగిన నీలం దారమే చుట్టాను. ఆమె ఆదివారం చర్చి నుంచి నేరుగా వచ్చి, రాడ్ మీద చెయ్యి వేసి ప్రార్థన చేసుకునేది. నేను మర్యాదగా బయట నిలబడేవాణ్ని.

ఎపాక్సీ పూశాను. అదేం చిత్రమో, పూసింది పూసినట్టే విడిపోయి గుండ్రటి గుంటలు పడ్డాయి. ఫిష్ ఐస్ అంటాం, చేప కళ్ళలా ఉంటాయి. గీకి, దారం విప్పి, కొత్తది చుట్టాను. మరుసటి వారం మళ్ళీ అవే కళ్ళు! ఒళ్ళు మండిపోయింది. తేమకైతే పాలలా తెల్లటి పొర పడుతుంది, ఇది జిడ్డు పనే. కిందికి దిగి మిర్చి బజ్జీల బండి యాదగిరితో జగడం పెట్టుకున్నాను.

"నా నూనె పొగ మూడో అంతస్తు ఎక్కి నీ కట్టెనే దేవులాడుకుంటదా అన్నా? ఓ బజ్జీ తిను, సల్లబడ్తవు," అన్నాడు.

తిన్నాను. చల్లబడలేదు.

మూడోసారి దారం చుట్టిన ఆదివారం జల్లు కొడుతుంటే బయట నిలబడలేక గదిలోనే ఉండిపోయాను. రూతమ్మ సంచిలోంచి చిన్న సీసా తీసి, వేలు ముంచి, గైడు గైడుకూ దారం మీద అద్దుతోంది.

"అక్కా! ఏందది?"

"ప్రార్థన నూనె తమ్మీ. పాస్టరమ్మ ఇచ్చింది. ఏం, తప్పా?"

కోపం గొంతుదాకా వచ్చింది, ఆమె ముఖం చూసి ఆగిపోయింది. జిడ్డు మీద ఎపాక్సీ నిలవదని, ఈ దారం కూడా విప్పేయాలని చెప్పాను.

"ఆయన సోయి లేకుంట పడున్ననాడు నుదుటికి పెట్టిన నూనె ఇదే. నువ్వు తీసి పారేస్తే నా ప్రార్థన గూడ పోయినట్టే గదా," అంది. కళ్ళు నిండిపోయాయి.

మోటారు ఖాళీగా తిరుగుతోంది. లేచి దాన్ని ఆపాను. రాడ్‌లో ఎపాక్సీ పూయని చోటు ఒకటుందని అప్పుడు తట్టింది.

"అక్కా, ఎపాక్సీ ఆరినంక పిడికి పెట్టు. కార్క్ నూనెను తాగి దాసుకుంటది. ఆయన చెయ్యి పడేది గూడ ఆడనే."

స్పిరిట్‌తో తుడిచి, కొత్త దారం చుట్టి, మళ్ళీ పూశాను. ఈసారి గాలి లేనప్పటి చెరువులా నునుపుగా కుదిరింది. ఆరాక రూతమ్మ సీసా మొత్తం పిడికే పట్టించింది.

పోయిన ఏడు దేవదానమే మెట్లెక్కి వచ్చాడు, ఒక గైడు వంగిందని. వెనక రూతమ్మ, "మెల్లగ, మెల్లగ" అంటూ. పిడి మీద నాలుగు వేళ్ళు, బొటనవేలు పడే చోట్ల నల్లగా అచ్చుపడింది.

"పిడి గూడ మార్చాల్నా అన్నా?" అని అడిగాను.

కుడిచేతి వేళ్ళు ఒక్కొక్కటే ఆ అచ్చుల్లోకి మూసుకున్నాయి. "గైడు మార్చు," అన్నాడు మాట కూడదీసుకుంటూ. "పిడి నాది."

అప్పటినుంచి ఎపాక్సీ కలిపే ముందు రాడ్‌ను ఎవరెవరు ముట్టుకున్నారో అడుగుతాను. పిడిని మాత్రం ఎవరు ఎంతసేపు పట్టుకున్నా ఏమీ అనను.