నీటి అంచున బూట్లు

నీటికి హద్దు గీసిన దేవునికి స్తోత్రం. నా తప్పును నా నోటితోనే చెప్పించుకుంటున్నందుకు కూడా ఆయనకే స్తోత్రం.

వరద డ్యూటీ. విజయవాడకు దిగువన, కృష్ణా కరకట్ట మీది బడిలో దిగాం. పన్నెండు మందిమి, రెండు పడవలు, ఒక రేడియో సెట్టు. సాయంత్రం నాలుగు గంటలు. వాన ఆగింది, నది ఇంకా ఎక్కుతోంది. లంక ఊళ్లలో చిక్కుకున్నవాళ్లను గట్టుకు చేర్చాలని ఆర్డరు. హవల్దారును నేనే.

రేడియో ఆపరేటర్‌ది కొండపల్లి. నాలాగే విశ్వాసి. కిందటి ఏడు సెలవులో రెండు నెలలు మంచం దిగలేదట. డాక్టరుకు చూపించలేదు, సంఘమంతా ప్రార్థించింది. లేచాడు. స్వస్థత అని సాక్ష్యం చెప్పాడు.

రెండో రోజు నుంచి అతను నిద్ర మానేశాడు. అలసట లేదు. పడవ తోలాడు, రేడియో చూశాడు, మధ్యలో పాటలు పాడాడు. మాట మీద మాట. రెండు ముక్కల సందేశం ప్రసంగమైంది. “వాక్యం తర్వాత చెబుదువుగాని, పడవ ఎక్కడుందో చెప్పు,” అని కంట్రోల్ రూమ్ విసుక్కుంది. అందరం నవ్వాం.

వంటవాడు నవ్వలేదు. “ఆ కళ్లు బాగోలేవండి. డాక్టరు గారికి చెప్పండి,” అన్నాడు.

“అది జబ్బు కాదు, దేవుని ఆత్మ అభిషేకం,” అన్నాను. ఉపవాస కూటాల్లో తెల్లవార్లూ వెలిగిపోయే ముఖాలు చూసి పెరిగినవాణ్ణి. పైకి రిపోర్టు చేయలేదు. పైగా ఐదో రోజు ప్రార్థనలో, ప్రభువు రమ్మంటే శిష్యుడు పడవ దిగి నీళ్ల మీద అడుగుపెట్టిన సంగతి చెప్పాను. అతను రెప్ప వేయకుండా విన్నాడు.

ఆరో రోజు, ఉదయం 5:40. సెంట్రీ కేక వేశాడు. గట్టు వారన లైఫ్ జాకెట్ మడతపెట్టి ఉంది. పక్కన బూట్లు. ఆపరేటర్ నడుము లోతు నీళ్లలో చేతులు చాచి ముందుకు పోతున్నాడు.

“రా అన్నా,” అన్నాడు. “గట్టిగానే ఉంది.”

నడుముకు తాడు కట్టుకుని దూకాను. రెండుసార్లు మునిగాడు. రెండోసారి కాలర్ చేతికి దొరికింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ గారు ఎన్ని గంటలు పడుకున్నాడని అడిగారు. అంతకుముందు దిగులుతో మంచం పట్టాడా, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అని అడిగారు. అతని ఇంటికి ఫోన్ చేస్తే, మేనమామకు ఉందని అప్పుడు తెలిసింది.

“బైపోలార్ అండి. ఆ దిగులూ, ఈ పొంగూ ఒకే జబ్బు. నిద్ర తగ్గితే ఆగకుండా తీసుకురండి.”

“ప్రార్థన చేయొచ్చాండీ?”

“చేయండి. మాత్ర వేయించి చేయండి.”

లిథియం మాత్రలు మొదలుపెట్టారు. క్రమం తప్పకుండా రక్తపరీక్ష. కొన్ని నెలలకు నిలకడ వచ్చింది. నేను రిటైరై ఇల్లు చేరాను. అతను ఫోన్ చేస్తే ముందు నిద్ర సంగతే అడుగుతాను. మొన్న, “నాలుగు గంటలు చాలన్నా, హాయిగా ఉంది,” అన్నాడు. వెంటనే కొండపల్లి బస్సెక్కి, అతన్ని డాక్టరమ్మ గారి దగ్గరికి తీసుకెళ్లాను. మందు మోతాదు మార్చారు. ఇంకా కనిపెట్టే ఉండాలన్నారు.

ఆదివారం మందిరం గుమ్మం దగ్గర చెప్పులు చూస్తే నా కాళ్లు ఆగిపోతాయి. ఆ బూట్లు కనబడతాయి. లేసులు లోపలికి దోపి, మడమలు కలిపి, మందిరంలోకి వెళ్లేవాడు విడిచినట్టే విడిచాడు. వాటి ముందున్నది నది.

చదివినవారు నాతో కలిసి ఒక్క మాట ప్రార్థించండి: ప్రభువా, ఈ రాత్రి అతనికి నిద్ర దయచేయి.