తిరిగి పరుగెత్తాలి

జడ్చర్లలో కల్వకుర్తి రోడ్డు మీద పాత పత్తి గోదామును కిరాయికి తీసుకుని నరేష్ రెండు పికిల్‌బాల్ కోర్టులు వేసినప్పుడు, ఆ పేరు ఊళ్లో చాలామందికి నోరు తిరగలేదు. పికిల్ అంటే తొక్కే కదా అని తొక్కు ఆట అన్నారు. బ్యాడ్మింటన్ కోర్టంత జాగా, మధ్యలో నడుమెత్తు వల, చేతిలో పొట్టి బ్యాటు, రంధ్రాలున్న ప్లాస్టిక్ బంతి. పెద్దగా పరుగెత్తే పని ఉండదని చెప్పడంతో నలభై దాటినవాళ్లే ఎక్కువగా చేరారు. పొద్దున ఆరింటికల్లా ఫార్మా కంపెనీల్లో పనిచేసేవాళ్లు, దుకాణదారులు, రిటైరైన టీచర్లు వచ్చేవారు.

నవీద్ కూడా అలాగే చేరాడు. బస్టాండు దగ్గర మోటారు పంపులు రిపేరు చేసే దుకాణం అతనిది. వయసు నలభై ఏడు. అతని భార్య సకీనా ఫిజియోథెరపిస్టు. ఆ దుకాణం వెనక వీధిలోనే రెండు గదుల్లో ఆమె క్లినిక్ నడిపేది. కోర్టులు తెరిచిన ఆరు నెలలకు ఆమె దగ్గరికి కొత్తరకం పేషెంట్లు రావడం మొదలైంది. పిక్క పట్టేసినవాళ్లు, మోచేయి పీకుతోందని వచ్చేవాళ్లు, పడబోతూ చెయ్యి ఆనించి మణికట్టు విరగ్గొట్టుకున్నవాళ్లు. ఇరవై ఏళ్లు కుర్చీలో కూర్చున్న కాళ్లను ఒక్కసారిగా గంతులేయమంటే అవి తట్టుకోలేవని ఆమె వాళ్లందరికీ చెప్పేది. నవీద్‌కు చెప్పలేదు. అతనికి ఏ నొప్పీ లేదు.

ఒక ఆదివారం అతను బలవంతం చేస్తే ఆట చూడడానికి వెళ్లింది. ఎదుటివాళ్లు బంతిని తల మీదుగా ఎత్తి కొట్టినప్పుడల్లా నవీద్ దాని వైపే చూస్తూ, ఒళ్లు తిప్పకుండా, చిన్న చిన్న అడుగులతో వెనక్కి వెనక్కి పోతున్నాడు. బరువంతా మడమల మీద ఉంది. అది తప్పని ఆమెకు వెంటనే తెలిసింది. ఇంటికి వెళ్లాక చెప్పాలనుకుంది. ఇంటికి వెళ్లేసరికి చుట్టాలు వచ్చి ఉన్నారు. వంట, మాటలు, మర్నాడు క్లినిక్. మరచిపోయింది.

తర్వాత పదకొండు రోజులకు, ఎదుటి జట్టులో ఆడుతున్న రఘుపతి ఎత్తి కొట్టిన బంతి కోసం నవీద్ అలాగే వెనక్కి వెళ్లాడు. మడమ నేలకు తట్టుకుని వెల్లకిలా పడ్డాడు. తల వెనుక భాగం సిమెంటుకు తగిలింది. తనే లేచి కూర్చున్నాడు, నీళ్లు తాగాడు, ఏమీ కాలేదన్నాడు. అరగంటకు వాంతులయ్యాయి. ముందు మహబూబ్‌నగర్ దవాఖానకు, అక్కడి నుంచి హైదరాబాదుకు తీసుకెళ్లారు. మూడో రోజు చనిపోయాడు.

సకీనా ఏడవలేదు. సంతకాలు పెట్టమన్నచోట పెట్టింది. ఎవరెవరికి ఫోన్ చేయాలో అందరికీ చేసింది. ఇంటికి వచ్చిన ఆడవాళ్లు ఆమె ఏడుస్తుందని ఎదురుచూసి, కొంతసేపటికి తామే ఏడ్చి వెళ్లిపోయారు. భర్త పోయిన భార్య నాలుగు నెలల పది రోజులు గడప దాటకుండా ఇద్దత్ పాటించాలి. ఆమె పాటించింది. తోడుగా చెల్లెలు జబీన్ వచ్చి ఉంది. కూరలో ఉప్పు వేయడం మరచిపోయానని ఒకరోజు జబీన్ నొచ్చుకునేదాకా, ఆ కూర చప్పగా ఉందని సకీనాకు తెలియలేదు. అప్పటికి కంచం ఖాళీ అయింది.

పక్షవాతం వచ్చినవాళ్ల కాలి మీద దూదితో రాసి, తెలుస్తోందా అని అడగడం ఆమెకు రోజూ ఉన్న పని. కొందరు తెలియదని మామూలు గొంతుతో, వేరెవరి కాలి గురించో చెప్పినట్టు చెప్పేవారు. ఆ గొంతు ఎక్కడి నుంచి వస్తుందో ఇప్పుడు ఆమెకు అర్థమైంది.

గడువు తీరిన రెండో రోజు పొద్దున్నే బుర్ఖా వేసుకుని గోదాముకు వెళ్లింది. ఆమెను చూసి నరేష్ లేచి నిలబడ్డాడు. గొడవకు వచ్చిందనుకున్నాడు. ఆట ఆపి అందరూ అటే చూశారు. ఆమె అడిగింది ఒక్కటే. రోజూ ఆటకు ముందు పావుగంట తనకు ఇవ్వాలి. ఆ పావుగంట చేయనివాళ్లకు బ్యాటు ఇవ్వకూడదు. నరేష్ సరేనన్నాడు. కాదనే ధైర్యం అక్కడ ఎవరికీ లేదు.

మొదటి వారం జాలితోనే చేశారు. గోడ పట్టుకుని మునివేళ్ల మీద లేవడం, దిగడం. ఒంటికాలి మీద నిలబడడం. పక్కకు అడుగులు వేయడం. మణికట్టు, భుజం తిప్పడం. రన్నింగ్ బూట్లు తొడుక్కుని వచ్చినవాళ్లను ఆపి, పక్కలకు కదిలితే అవి పాదాన్ని మెలిపెడతాయని చెప్పింది. నేల మీద చెమట పడితే ఆట ఆపి తుడవాలంది. సుగుణమ్మ అనే రిటైర్డ్ టీచరు ఒంటికాలి మీద ఐదు లెక్కపెట్టేలోపే తూలిపోయి నవ్వేసింది. సకీనా నవ్వలేదు, కోప్పడలేదు. రేపు ఆరు లెక్కపెట్టమంది.

వెనక్కి ఎలా వెళ్లాలనే అసలు పాఠం మాత్రం మిగిలిపోయింది. అది నేర్పాలంటే ఎవరో ఒకరు బంతిని తల మీదుగా ఎత్తి కొట్టాలి. ఆమె ముందు అలా కొట్టడానికి ఎవరి చెయ్యీ రాలేదు.

నవీద్ పోయాక రఘుపతి కోర్టుకు రావడం మానేశాడు. కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా పనిచేసి రిటైరైన మనిషి, నవీద్‌కు పదేళ్ల స్నేహితుడు. దసరా పోయాక ఒక మధ్యాహ్నం క్లినిక్‌కు వచ్చాడు. కుడి భుజం పైకి లేవడం లేదు. దెబ్బేమీ తగల్లేదట. సకీనా అతన్ని కూర్చోబెట్టి చేతిని మెల్లగా ఎత్తి చూసింది. చెవి దాకా కూడా రావడం లేదు.

"ఎన్ని దినాల సంది, అన్నా?"

"ఐదారు నెలలైతాంది." ఎడమచేత్తో కుడి భుజం పట్టుకున్నాడు. "చెల్లె, ఆ బంతి లేపింది నేనే."

"నాకెరుకే."

"ఎరుకైనా ఒక్క మాట గూడ అనకపోతివి."

ఆమె చేతిని దించి అతని ఒళ్లో పెట్టి, తువ్వాలు వేడినీళ్లలో ముంచి పిండి, భుజం మీద వేసింది. "ఆటల బంతి లేపుతరు అన్నా. దాంట్ల తప్పు లేదు. గట్ల ఎనకకు పోవుడు తప్పు. నేను చూసిన. పదకొండు దినాల ముందుగాల చూసిన. చెప్పాలనుకున్న, మర్చిపోయిన."

ఈ మాట ఆమె జబీన్‌తో కూడా అనలేదు. అన్న తర్వాత బరువు దిగినట్టేమీ అనిపించలేదు. రఘుపతి కళ్లు తుడుచుకున్నాడు. ఆమె గడియారం చూసి తువ్వాలు మార్చింది.

రెండున్నర నెలలు అతను వారానికి మూడుసార్లు వచ్చాడు. గోడ మీద వేళ్లతో పైకి పాకించడం, తాడు లాగడం. చెయ్యి తలదాకా లేచిన రోజున ఆమె రేపు కోర్టుకు రమ్మంది. ఆడడానికి కాదు, నిలబడడానికి.

మర్నాడు వచ్చాడు. సకీనా వల అవతలికి వెళ్లి నరేష్ దగ్గర ఒక బ్యాటు తీసుకుంది.

"బంతి లేవంగనే ముందు దాని దిక్కు చూడకు," అంది. "ఒక కాలు ఎనకకు తీసి ఒళ్లు తిప్పు. తిరిగి ఉరుకు. అందకపోతే ఇడిసిపెట్టు. ఒక పాయింటే గదా పొయ్యేది."

ఆమె బంతి ఎత్తి కొట్టింది. రఘుపతి కదలలేదు. బంతి అతని వెనకాల టక్కున పడింది. రెండో బంతికి అలవాటు ప్రకారం వెనక్కి అడుగు వేశాడు. ఆగమంది. మూడో బంతికి తిరిగాడు. నాలుగోసారి తిరిగి పరుగెత్తాడు, కానీ అందలేదు. వదిలేశాడు. మంచిది అంది ఆమె. ఇరవై బంతులు కొట్టి, సుగుణమ్మను రమ్మని పిలిచింది.

ఆ తర్వాత ఏడాదిలో ఒకరి పిక్క పట్టేసింది, ఇద్దరికి మోచేయి నొప్పి వచ్చింది. వెనక్కి పడి తలకు దెబ్బ తగిలినవాళ్లు లేరు. నరేష్ మహబూబ్‌నగర్‌లో ఇంకో కోర్టు తెరిచి అక్కడికీ రమ్మంటే, వారంలో రెండు రోజులు బస్సులో వెళ్లి వస్తోంది. ఇప్పుడు మనసు కొంచెం కుదుటపడిందా అని జబీన్ ఫోన్‌లో అడుగుతుంటుంది. సకీనా తెలియదంటుంది. దాచడానికి కాదు. నిజంగానే తెలియదు.

కిందటి శుక్రవారం సుగుణమ్మ ఒంటికాలి మీద ముప్పై లెక్కపెట్టి, రెండో కాలి మీద నిలబడింది. సకీనా పక్కనే నిలబడి, అవసరమైతే పట్టుకోవడానికి చెయ్యి చాపి, మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టింది.