ఏం వద్దో ముందు చెప్పండి

మా మేనత్త పోయిందన్న కబురు నాకు లౌటోకాలో, మందుల షాపు కౌంటరు వెనక నిలబడి ఉండగా తెలిసింది. ఫోను చేసింది నాన్న. "అత్త పోయినాది, బేటీ. నిద్రలోనే. ఆరామ్‌సే పోయినాది," అన్నాడు. ఎదురుగా ఒకావిడ దగ్గుమందు కోసం నిలబడి ఉంది. సీసా ఆమె చేతికిచ్చి, ఎలా తాగాలో చెప్పి, ఆమె మెట్లు దిగాక షాపు తలుపు వేసుకున్నాను. తర్వాతే ఏడ్చాను. పని మధ్యలో వదిలి ఏడిస్తే మా అత్త ఊరుకునేది కాదు.

ఈ మాటలు మన తెలుగు సంఘం సంచిక కోసం రాస్తున్నాను. చదివేవాళ్లలో కొందరికి ఆమె మీద కోపం ఇంకా పూర్తిగా పోలేదని నాకు తెలుసు. తెలిసే రాస్తున్నాను. ఆమె బతికుండగా ఒక్కసారి కూడా తన తరఫున తాను మాట్లాడుకోలేదు కాబట్టి, ఆ పని ఇప్పుడు నా మీద పడింది. మన ఇళ్లలో మాట్లాడుకునేది హిందీయే అయినా దీన్ని తెలుగులో రాయడానికి కారణం కూడా ఆమే. ఆదివారం పూట నన్ను చెవి పట్టుకుని అక్షరాలు నేర్చుకోవడానికి పంపింది ఆవిడే.

ఆమె చేసిన పని ఏమిటో కొత్తతరం వాళ్లకు తెలియకపోవచ్చు. మన ఈ దీవుల దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో ఆమె రాజధాని సువాలో ఒక ప్రభుత్వ ఆఫీసులో రేడియో ఆపరేటరుగా చేరింది. తుపాను కాలంలో దూరపు దీవులతో మాట్లాడటం పని. పోను పోను, పొరుగు దేశాల నుంచి వచ్చే సాయాన్ని కలిపి నడిపే విభాగానికి ఆమే పెద్దయింది. టోంగాలోనో సమోవాలోనో తుపాను కొడితే మన ఓడ ఏం తీసుకెళ్లాలి, న్యూజిలాండ్ ఓడ దేని వెనక రేవులోకి రావాలి, ఆస్ట్రేలియా విమానం ఎక్కడ దిగాలి, ఇవన్నీ చూసేది. అందరికీ మంచి మనసే ఉంటుంది. అందరూ ఒకేసారి తోసుకొస్తే ఆ మంచి మనసులే ఒకదానికొకటి అడ్డం పడతాయి. అలా పడకుండా చూడటమే ఆమె ఉద్యోగం.

ఆమె చిన్నప్పుడు మా చెరకు పొలాల మీదికి పెద్ద తుపాను వచ్చిందట. ఇంటి కప్పు రేకులు ఎగిరిపోయాయి. రేకులైతే ఏరుకొచ్చారు గాని వాటిని బిగించడానికి మేకులు లేవు. ఆ సమయంలో ఒక లారీ నిండా సాయం వచ్చింది. మూటలు విప్పి చూస్తే ఉన్ని కోట్లు. మన ఎండకు ఉన్ని కోట్లు. ఎవరో చలి దేశపు పుణ్యాత్ములు పంపారు. మా అవ్వ వాటిలో ఒకటి చాలా ఏళ్లు కోళ్లగూటి మీద కప్పింది. మా తాత పాత మేకులను రాయి మీద పెట్టి వంకరలు తీస్తూ కూర్చున్నాడు. ఈ కథ చెప్పినప్పుడల్లా మా అత్త నవ్వేది గాని, చివరికి వచ్చేసరికి మొహం గట్టిపడేది. ఒక్కరు ముందుగా అడిగి ఉంటే మేకులు అడిగేవాళ్లం కదా అనేది.

అడగడం కూడా ఆమె అందరిలా అడగదు. ఏం కావాలని అడిగితే మన దీవుల్లో ఎవరూ నోరు విప్పరు, మీరు ఏదిచ్చినా సంతోషమే అంటారు. ఇంటికొచ్చిన కానుకను కాదనడం మర్యాద కాదు మరి. అందుకని ఆమె రేడియోలో మొదట వేసే ప్రశ్న ఇది: "ఏం వద్దో ముందు చెప్పండి." అదే ప్రశ్న ఇంట్లో కూడా. నేను చదువు కోసం సువాకు వచ్చి ఆమె ఇంట్లో దిగిన రోజున నా పెట్టె ఇంకా కింద పెట్టకముందే, ఏం తినవో చెప్పమంది. కాకరకాయ అన్నాను. ఆ తర్వాత తను అది వండుకున్న ప్రతిసారీ నాకు వేరే కూర చేసింది, కాకరకాయ గొప్పతనం మీద ఉపన్యాసం మాత్రం తప్పించలేదు. పెళ్లెందుకు చేసుకోలేదని ఒకసారి ధైర్యం చేసి అడిగాను. వచ్చినవాళ్లలో ఒక్కడూ ఏం వద్దో అడగలేదులే అని, టీ సాసర్‌లో పోసుకుని తాగేసింది.

ఇక మీ అందరికీ గుర్తున్న సంగతికి వస్తాను.

నేను సువాలో చదువుకుంటున్నప్పుడు ఒక ఏడాది టోంగాలో ఒక చిన్న దీవుల గుంపు మీద తుపాను విరుచుకుపడింది. లౌటోకాలో మన సంఘం కదిలింది. అప్పుడు అధ్యక్షుడు మా నాన్నే. చక్కెర మిల్లు పనివాళ్లు, చెరకు రైతులు, ఊళ్లో షాపులవాళ్లు అందరూ ఇచ్చారు. ఆడవాళ్లు చీరలూ చొక్కాలూ ఉతికి, ఇస్త్రీ చేసి, మూటలు కట్టారు. ఆ మూటలు లారీలో సువా రేవుకు వచ్చాయి, పైన సంఘం పేరుతో గుడ్డ బ్యానరు. ప్రభుత్వ ఓడలో వాటికి చోటిప్పిస్తానని నాన్న సభలో మాటిచ్చాడు. చెల్లెలే ఓడలు పంపే చోట ఉంటే ఆ మాత్రం మాట ఎవరైనా ఇస్తారు.

ఆ మధ్యాహ్నం నేను ఆమెకు భోజనం తీసుకుని ఆఫీసుకు వెళ్లాను. ఆమె రేడియో ముందు ఉంది. అవతల మాట్లాడుతున్నది ఆ దీవి రేవు అధికారి. మెల్లగా, మర్యాదగా మాట్లాడే మనిషి. అన్నీ స్వాగతమే, అందరికీ కృతజ్ఞతలు అంటున్నాడు. ఆమె తన ప్రశ్న వేసింది. ఆయన మళ్లీ కృతజ్ఞతలే చెప్పాడు, ఆమె మళ్లీ అదే అడిగింది. చివరికి ఆయన బట్టలు వద్దన్నాడు. అంతకుముందు వచ్చిన పడవలో బట్టలే వచ్చాయట. గోదాము కప్పు లేచిపోవడంతో అవి రేవు మీదే తడిసి కుప్పపడి ఉన్నాయి. బావుల్లోకి సముద్రపు నీరు వచ్చేసింది. పిల్లలకు విరేచనాలు మొదలయ్యాయి. రేవు సగం విరిగి, ఒక్క ఓడ ఆగేంత చోటే మిగిలింది. వెనక మంచినీళ్లతో న్యూజిలాండ్ ఓడ వస్తోంది.

మా అత్త టిఫిను డబ్బా తెరవలేదు. ఫోనెత్తి రేవుకు చెప్పింది. మన మూటలు ఓడలోంచి దింపించేసింది. నీళ్ల పీపాలు, టార్పాలిన్లు మాత్రమే ఉంచింది. త్వరగా ఖాళీ అయి, నీళ్ల ఓడకు దారి వదలాలని.

సాయంత్రానికి నాన్న సువాలో అత్త ఇంటికొచ్చాడు. నేను ఆయన్ను అంత కోపంగా ఎప్పుడూ చూడలేదు. ఊరి ముందు తన పరువు తీసిందన్నాడు, ఆడవాళ్ల చేతి కష్టాన్ని రేవు మట్టిలో పడేసిందన్నాడు, మనవాళ్ల పేరు ఒక్కసారైనా పైకి రావద్దా అన్నాడు. ఆమె అంతా విన్నది. తర్వాత కూరగాయలు తరిగే చాకు తెచ్చి బల్ల మీద పెట్టింది. రెండు గిన్నెలు తెచ్చి దాని పక్కన ఒకటి, వెనక ఒకటి పెట్టింది.

"అన్నా, ఈ చాకు జెట్టీ అనుకో. ఏక్ టైమ్ ఒక్క బోటే లగతాది. నీ కప్డా దించేదాకా వెనక పానీ బోటు దరియాలో నిలబడాల. కైసే చలీ?"

"నేను మీటింగ్‌లో మాట ఇచ్చినా," అన్నాడు నాన్న.

"మాట పోతే ఫిర్ తెచ్చుకుంటాం. ఖారా పానీ తాగి ఆ బచ్చాలు పోతే ఎవరు తెస్తారు?"

నాన్న అన్నం ముట్టకుండా లేచి వెళ్లిపోయాడు. ఆమె చాకు కడిగి యథాస్థానంలో పెట్టి, తిరిగి ఆఫీసుకు బయలుదేరింది. మర్నాడు మన ఓడ వెళ్లింది, సరుకు దించి పక్కకు తొలగింది, నీళ్ల ఓడ రేవుకు చేరింది. ఈ సంగతి మన సభల్లో ఎవరూ చెప్పలేదు. మూటలు దింపేసిన సంగతి మాత్రం అందరూ చెప్పారు.

ఆ తర్వాత జరిగిన సంఘం వేడుకలో దీపం వెలిగించడానికి ముందు ఆమెనే అనుకున్నారు, తర్వాత ఇంకొకరిని పిలిచారు. ఆమె వచ్చి ఆఖరి వరసలో కూర్చుంది. ఆమె పక్క కుర్చీ ఖాళీగానే ఉండిపోయింది. నేను వాలంటీరు పని వదిలి వచ్చి అక్కడ కూర్చుంటే, వడ్డించేవాళ్లు తక్కువున్నారు పొమ్మని కసిరింది. అందరితో పాటు తిన్నది, పెద్ద గుండిగ తోమింది, నాతో బస్సెక్కింది. జరిగిందేమిటో మైకులో ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది కదా అన్నాను.

"చెప్తే వాళ్ల గుస్సా పోతాది," అన్నది కిటికీలోంచి చూస్తూ. "గుస్సా పోతే మర్చిపోతారు, ఫిర్ కప్డా కట్టుకుని వస్తారు. గుస్సా ఉండనీ. యాద్ ఉంటాది."

నాకు ఒళ్లు మండింది. ఇంత మొండితనం ఎవరిక్కావాలి అనుకున్నాను. కాని మీరు గమనించారో లేదో, ఆ తర్వాత మన సంఘం ఎప్పుడు సాయం పోగుచేసినా ఎవరో ఒకరు లేచి, "ముందు అడిగినారా?" అనకుండా ఉండలేదు. కొందరు వెటకారంగానే అన్నారు. అన్నారా లేదా అన్నదే ఆమెకు ముఖ్యం.

నాన్న చాలా ఏళ్లు ఆమె గడప తొక్కలేదు. మధ్యలో కబుర్లు మోసింది నేనే. నాకు మొదటి ఉద్యోగం వచ్చి సువాలోనే, ఆమె ఇంట్లోనే ఉండిపోయినప్పుడు కూడా ఆయన గేటు దగ్గర నన్ను దింపి అటునుంచి అటే వెళ్లేవాడు.

ఆ రోజుల్లోనే మన ఉత్తరపు దీవి వనువా లేవు మీదికి తుపాను వచ్చింది. నాన్న అక్కడే ఉన్నాడు, డ్రెకేటిలో మా బాబాయి వరి పొలాలు చూడటానికి వెళ్లి చిక్కుకుపోయాడు. అప్పుడే కోసి ఇంట్లో పెట్టిన ధాన్యం, విత్తనాల వడ్లతో సహా, తడిసి బస్తాల్లో వేడెక్కుతోంది. నేలంతా బురద. ఆరబోయడానికి అరచేతంత పొడి చోటు లేదు. మొలకలొస్తే వచ్చే పంటకు విత్తనమే ఉండదు. ఇంగ్లీషు బాగా మాట్లాడతాడని ఊరివాళ్లు నాన్ననే పోలీసు పోస్టులో రేడియో దగ్గర కూర్చోబెట్టారు. టోంగా నుంచి ఒక ఓడ అక్కడి సావుసావు రేవుకు బయలుదేరబోతోంది, సరుకు ఎక్కించేముందు మీతో మాట్లాడతారు అని సువా నుంచి చెప్పారు.

మాట్లాడింది ఒకప్పుడు అత్తతో బట్టలు వద్దన్న ఆ రేవు అధికారే. ఇవతల ఉన్నది ఎవరో ఆయనకు తెలియదు. నమస్కారాలయ్యాక ఆయన అడిగిన మొదటి ప్రశ్న, మీకు ఏం వద్దో ముందు చెప్పండి అని.

నాన్న ఆ తర్వాత నాకు చెప్పాడు, ఆ ప్రశ్న మళ్లీ అడగమన్నాడట. పక్కనున్నవాళ్లు రేడియో చెడిపోయిందేమో అనుకున్నారట. చివరికి, బట్టలు వద్దన్నాడు. బియ్యం వద్దన్నాడు. టార్పాలిన్లు కావాలన్నాడు, ఇళ్లమీద కప్పడానికి కాదు, నేలమీద పరిచి వడ్లు ఆరబోయడానికి. ఆ ఆలోచన టోంగాలో ఎవరికీ వచ్చి ఉండేది కాదు, అక్కడ వరి లేదు కదా. ఓడ టార్పాలిన్లతో వచ్చింది. సావుసావు నుంచి లారీలు వాటిని డ్రెకేటి చేర్చాయి. అన్ని బస్తాలూ దక్కలేదు గాని విత్తనం దక్కింది.

వనువా లేవు నుంచి తిరిగొస్తూ నాన్న నేరుగా సువాలో మా ఇంటికి వచ్చాడు. బూట్లకు బురద అలాగే ఉంది. తలుపు తీసిన నన్ను పలకరించకుండా వంటింట్లోకి వెళ్లి, చాకు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఇప్పుడు చెప్పు చెల్లీ. గిన్నె ఎక్కడ పెట్టాల?"

మా అత్త పొయ్యి దగ్గరికి వెళ్లింది. గిన్నెలో అన్నం వడ్డించి ఆ చాకు పక్కనే పెట్టింది. నేను వరండాలోకి వెళ్లిపోయాను. వాళ్లిద్దరూ ఏడ్చి ఉంటే ఆ సంగతి నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా అనుకోలేదు.

ఆమె పోయిన మర్నాడు సువాలో ఆమె ఇంటికి ఫోనొచ్చింది. టోంగాలోని ఆ రేవు అధికారి, ఇప్పుడు రిటైరైన ముసలాయన. నాన్నే తీశాడు. అవతల ఏమడిగారో నాకు వినిపించలేదు గాని, నాన్న జవాబుతో తెలిసిపోయింది. పూలు వద్దన్నాడు. తిండి కూడా వద్దన్నాడు. చివరికి, "నువ్వు రా," అన్నాడు.

విదేశాల్లో ఉన్న చుట్టాల కోసం దహనం ఎలాగూ రెండు రోజులు ఆపాం. ఆ ఉదయం ఇంటి ముందు రేకుల షెడ్డు నిండిపోయింది. ఒక మూల మగవాళ్లు యంగోనా వేరు పొడి నీళ్లలో కలుపుకుని తాగుతున్నారు. మీలో చాలామంది వచ్చారు, అందుకు రుణపడి ఉన్నాను. మా గేటు సన్నం, ఒక్కసారి ఒక్కరే పడతారు. సంఘం పెద్దలు, ఆఫీసువాళ్లు, ఒక మంత్రిగారి తరఫు మనిషి, అందరూ పూలచక్రాలతో ఒక్కసారే లోపలికి వస్తున్నారు.

అప్పుడు టాక్సీలోంచి ఆ ముసలాయన దిగాడు. నడుముకు, చావింటికి వెళ్లేటప్పుడు వాళ్లు కట్టుకునే దుఃఖపు చాప చుట్టుకుని, చంకలో అత్త కోసం తెచ్చిన ఇంకో అల్లిక చాప పెట్టుకుని, జనం వెనకాల, దూరంగా నిలబడ్డాడు. తోసుకురావడం ఆయనకు చేతకాదు.

నాన్న చేతికర్ర గోడకు ఆనించి గేటు దగ్గరకు నడిచాడు. తను ఒకప్పుడు అధ్యక్షుడుగా ఉన్న సంఘానికి, పూలచక్రం పట్టుకుని ముందు నిలబడ్డ ఇప్పటి అధ్యక్షుడికి అడ్డంగా అరచెయ్యి ఎత్తాడు. ఆపి, పక్కకు తప్పుకోమన్నాడు. అందరూ తప్పుకున్నారు. నాన్న చెయ్యి దించలేదు. ఎత్తిన ఆ చేతి కిందుగా తల వంచి, చాపతో ఆ ముసలాయన ఒక్కడే మా అత్త దగ్గరకు వెళ్లాడు.