శవాల పాటలో ఒక మర్యాద

నెంగ్‌సిహ్ అక్క ఒక్క కేక పెడితే మా బాండుంగ్ పొలిమేర దాటిపోయిన బస్సు వెనక్కి తిరిగి వచ్చి, తహు కొనుక్కుని మళ్ళీ బయలుదేరింది. నమ్మకపోతే బస్టాండులో అడగండి. ఆగిపోయిన ఇంజను ఆ కేకకే కదిలిందని ఒట్టేసి చెప్పే డ్రైవరు కూడా ఉన్నాడు. టీ మాత్రం మీరే ఇప్పించాలి.

తహు అంటే సోయా జున్ను; వేయించిన ఆ ముక్కలు, పచ్చిమిరపకాయలు బుట్టలో వేసుకుని బస్సు కిటికీల వెంట పరుగెత్తే ఆ మనిషిని మా రాక్ బ్యాండులోకి లాక్కొచ్చిన ఘనత నాదే. మా పాత గాయకుడు పెళ్ళి చేసుకున్నాడు. జుట్టూ బ్యాండూ రెండూ వదిలించుకుని రమ్మంది అత్తగారు. ఆల్బమ్ సగంలో ఆగింది. గిటారు వాయించే ఎంగ్కుస్ మా నాయకుడు. అతనికి అక్క మొదట నచ్చలేదు.

"తహు అమ్మే ఆవిడేంట్రా? మనం పాడేది శవాల గురించి!"

"ఒక్కసారి విను. శవాలే లేచొచ్చి తహు కొంటాయి," అన్నాను.

విన్నాడు. మైకు ఆమె చేతికిచ్చాడు.

ఆఖరి పాట ఎంగ్కుస్ వాళ్ళ అవ్వ ఇంట్లో, ముందుగదిలో రికార్డు చేశాం. గోడలకు పరుపులు ఆనించాం. అద్దె మైకులు సాయంత్రం నమాజు వేళకు తిరిగిచ్చేయాలి.

"ఈలోపు అవకపోతే పాతవాణ్ణే బతిమాలి తెస్తా. అన్ని పాటలూ వాడే మళ్ళీ పాడతాడు," అని తేల్చేశాడు ఎంగ్కుస్.

అక్క బుట్ట మూలన పెట్టి నాతో మెల్లగా అంది. "బస్సు కదిలాక నా కేక ఎవడికి గుర్తుంటుంది తమ్ముడూ? ఇదొక్కటి మిగలాలి నాకు."

మొదలుపెట్టింది. గర్జనకు కిటికీలు వణికాయి. పాటలో సరిగ్గా సమాధులు పగిలే చోట, తడిబట్టల బకెట్టుతో అవ్వ వచ్చింది. పెరట్లోకి దారి ఆ గదిలోంచే. మనుషుల ముందునుంచి దాటుతూ నోరు మూసుకుని పోయేవాళ్ళు మా ఊళ్ళో పుట్టరు. అవ్వ నడుం వంచి, కుడిచెయ్యి కిందికి చాచి, "పున్తెన్" అంటూ దారి అడిగింది. అక్క గర్జన ఆపేసి, తేనెలో ముంచిన గొంతుతో, "మంగ్గ, వెళ్ళండవ్వా," అంది.

ఎంగ్కుస్ తల పట్టుకున్నాడు. "అక్కా, నువ్విప్పుడు దెయ్యానివి! దెయ్యం దారిస్తుందా?"

"పెంపకం ఉన్న దెయ్యం ఇస్తుందిలే," అన్నాను.

మళ్ళీ మొదలు. ఖాళీ బకెట్టుతో అవ్వ తిరిగొచ్చింది. పున్తెన్. మంగ్గ అవ్వా. ఈసారి డ్రమ్ములవాడూ తల వంచాడు. ఎంగ్కుస్ పెదవులు కూడా కదిలాయి, నేను చూశాను.

"అవ్వా, ఏమీ అనకుండా దాటలేవూ?" అని వేడుకున్నాడు ఎంగ్కుస్.

"నా ఇంట్లో నన్ను మేకలా నడవమంటావేంట్రా?"

పొద్దు వాలింది. ఇదే ఆఖరి అవకాశం. అక్క కళ్ళు మూసుకుని అందుకుంది. అవ్వకు అప్పుడే బట్టల క్లిప్పులు గుర్తొచ్చాయి. పున్తెన్. మంగ్గ అవ్వా. అయితే ఈసారి అక్క ఆగలేదు. ఆ తేనెగొంతులోంచే నేరుగా మళ్ళీ గర్జనలోకి దూకింది. పాట ముగిసిన క్షణానే మసీదులో అజాన్ మొదలైంది.

ఎంగ్కుస్ చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని పాటంతా మొదట్నుంచి విన్నాడు. చివరికి, "పాతవాడికి ఫోను చెయ్యొద్దు. పాటలోంచి అవ్వనీ తీసెయ్యొద్దు," అన్నాడు.

ఇప్పుడు కచేరీల్లో ఆ చోటు రాగానే జనమంతా నడుం వంచి పున్తెన్ అంటారు. రాక్ సంగీతం పుట్టాక ఇంత లోతైన కళాప్రయోగం ఇంకొకటి రాలేదని నేను ఎక్కడికెళ్ళినా చెబుతుంటాను. మొన్న నా పక్కనే ఉండి వింది అక్క.

"కళా లేదు గిళా లేదు. పెద్దావిడ దారి అడిగింది, ఇచ్చాను."