తుడవని పింగాణీ కప్పులు

ఆ ఉదయం కూడా యెహోషువ ఏ స్తంభమూ ఎక్కలేదు. అతను కృష్ణపట్నంలో టెలిఫోను లైన్‌మన్. ఉప్పుగాలికి స్తంభాల మీద తీగను మోసే పింగాణీ కప్పులకు తెల్లటి పొర పడుతుంది. దాన్ని తడిగుడ్డతో తుడవకపోతే, తీగలో పోయే మాట స్తంభం వెంట నేలలోకి జారిపోతుంది.

1961 నవంబరులో మద్రాసు నుంచి వచ్చిన ఇంజనీర్లు నెల రోజులుగా ఆ తుడవడం ఆపించారు. ఉప్పు పట్టిన తీగ మీద మాట ఎంత దూరం పోతుందో వాళ్లు తేల్చాలి. చర్చిలో వాక్యం చదివే గొంతు కనుక కృష్ణపట్నం పోస్టాఫీసు ఫోనులో మాట్లాడే పని యెహోషువకే అప్పగించారు. వినేవాళ్లు జీపులో ఊరూరూ ముందుకు పోతున్నారు. నెల్లూరులో మాట స్పష్టంగా వినిపించింది. గూడూరులో సన్నగిల్లింది. ఇవాళ సూళ్లూరుపేట.

యెహోషువ భార్య సామ్రాజ్యం తొలికాన్పుకు వెళ్లిన పుట్టిల్లు ఆ ఊళ్లోనే.

మధ్యాహ్నం బస్సు కండక్టరు ముత్యాలయ్య పోస్టాఫీసులోకి పరిగెత్తుకొచ్చాడు.

"యెహోషువా, బిడ్డ అడ్డం తిరిగిందంట. ఆసుపత్రిలో కోసి తియ్యాలంటాండారంట. మీ అత్త రెబెక్కమ్మేమో అల్లుడు చెప్పందే ఏలిముద్ర ఎయ్యనని కూసోనుందంట."

"బస్సెప్పుడన్నా?"

"తెల్లారే గదా."

యెహోషువ సూళ్లూరుపేటలో వినేవాళ్ల కోసం ఫోను అందుకున్నాడు. "అయ్యా, ఆసుపత్రికి పొయ్యి చెప్పండి! కొయ్యమనండి! నేను ఒప్పుకున్నానని చెప్పండి!"

అవతల ఎసరు మరుగుతున్నట్టు మోత. అందులో మనిషి గొంతేదో ఉంది. మాట లేదు.

"అరవకయ్యా, గొంతు మారితే లెక్క తప్పుతుంది" అన్నాడు పక్కనే లెక్కలు రాసుకుంటున్న ఇంజనీరు జయరామయ్య. ఆ తర్వాతే ఆయనకు సంగతి బుర్రకెక్కింది. తనే ఫోను లాక్కుని అరిచాడు. అదే మోత.

"గూడూరోళ్లకన్నా చెప్పండి సార్, వాళ్లు చెప్తారు."

"నెల్లూరులోనూ గూడూరులోనూ తీగ తిన్నగా కలిపేశారు. మధ్యలో వినే మనిషే లేడు. ఇక్కడ తంతి సౌకర్యమూ లేదు. ఉన్న జీపు ఒక్కటీ సూళ్లూరుపేటలో ఉంది."

"కప్పులు తుడిస్తే వినబడతది సార్."

జయరామయ్య కిటికీలోంచి స్తంభాల వైపు చూశాడు. నెల రోజుల ఉప్పు, దాని మీద సముద్రపు తుంపర. తుడిస్తే ఆ నెల శ్రమంతా పోయినట్టే.

"పో, తుడువు" అన్నాడు.

ముత్యాలయ్య నిచ్చెన పట్టుకున్నాడు. యెహోషువ మొదటి స్తంభం ఎక్కాడు. సముద్రం వెంట స్తంభాలు నూట పద్దెనిమిది. చీకటి పడేసరికి తుడిచినవి ముప్పై ఒకటి. ముత్యాలయ్య నిచ్చెనను ముప్పై రెండోదానికి ఆనించాడు.